ఐదో పాట

తలుపు గంట మోగడం, తలుపు తియ్యడానికి ఆమె కుర్చీలోంచి లేవడం. కిందటివారం మనం అంతవరకూ వచ్చి ఆగాం. తలుపు అవతల ఎవరున్నారో ఆమెకు తెలుసు. ఆడపడుచు పొద్దున్నే ఫోన్ చేసి, ‘అమ్మని తీసుకొస్తున్నాను వదినా, నీ పత్రిక కూడా తెస్తున్నాను’ అని, బదులు వినకుండానే పెట్టేసింది.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆమె ఒక వారపత్రికలో పనిచేస్తుంది. కొత్తగా వచ్చిన ఆల్బమ్‌లు విని, వాటి మంచిచెడ్డలు రాయడం ఆమె ఉద్యోగం. శీర్షిక పేరు ‘విన్నాక’. మంచి కన్నా చెడ్డే ఎక్కువ రాస్తుందని వాడుక. పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఆమెను ‘చేదు మేడం’ అంటారు. ఎదురుగా అనరు గానీ, ఆ మాట ఎప్పుడో ఆమె చెవిన పడింది, పడినందుకు లోలోపల కాస్త మురిసింది కూడా. భర్త ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేస్తాడు. శబ్దం చొరబడని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, ‘వినిపించినప్పుడు వేలెత్తండి’ అని చెప్పడం ఆయన పని. ఇక ఆయన చెల్లెలు గాయని. ఇన్నేళ్లూ ఎవరి వేడుకల్లోనో ఎవరి పాటలో పాడుతూ వచ్చి, ఇప్పటికి తనదంటూ ఒక ఆల్బమ్ తెచ్చింది.

ఆ ఆల్బమ్ తన బల్ల మీదికి వచ్చినప్పుడు ఆమె సంపాదకుడి దగ్గరికి వెళ్లి, ఇది మా ఇంటి వ్యవహారం, వేరే ఎవరికైనా ఇవ్వండి అని అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. మీరు రాయకపోతే సొంతవాళ్ల దగ్గరికొచ్చేసరికి చేదు మేడం కలానికి సిరా ఎండిపోయిందంటారు, రాయండి అన్నాడు. ఆమెకు పౌరుషం వచ్చింది. రాసింది.

ఆ వారం పేజీలో మొత్తం ఐదు ఆల్బమ్‌లు. గడ్డాలు నెరిసిన రాక్ బృందం చాలా ఏళ్లకి మళ్లీ కలిసి తెచ్చినదాని మీద, ‘వీళ్లు విడిపోయినప్పుడు ఎందుకని అడిగాం, కలిసేటప్పుడూ ఆ మాట అడగాల్సింది’ అని రాసింది. ఒక ర్యాప్ కుర్రాడి తొలి ఆల్బమ్ గురించి, ‘అన్ని పాటల్లోనూ తన గురించే చెప్పుకున్నాడు, అయినా ఆఖరికి ఇతనెవరో మనకి తెలియదు’ అంది. పియానో ఆల్బమ్‌ని పళ్ల డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నవాళ్లకి పనికొస్తుందని తేల్చేసింది. డాన్స్ పాటల సంకలనానికి ఒక్క వాక్యమే కేటాయించింది: ‘పక్కింట్లో పెడితే బాగుంటుంది, మధ్యలో గోడ ఉంటే.’

ఆఖరున ఆడపడుచు. ‘గొంతు మంచిదే. అద్దెకిచ్చిన ఇంటిలాంటి గొంతు. ఇన్నేళ్లూ ఎవరెవరో ఉండి వెళ్లారు, సొంతదారు మాత్రం ఇంకా దిగలేదు.’ ఆ తర్వాత వాక్యం ఊరంతా నోటికి నేర్చుకున్నది: ‘ఐదో పాటకి బాణీ కట్టినవారి పేరు ఎక్కడా వెయ్యలేదు. ఆ పాట విషయంలో జరిగిన తెలివైన పని అదొక్కటే.’

పత్రికకు పంపేముందు తను రాసింది భర్తకు చదివి వినిపించడం ఆమెకు అలవాటు. ఆ సాయంత్రమూ వినిపించింది. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. రాక్ బృందం దగ్గర నవ్వాడు. పియానో దగ్గర ఇంకా నవ్వాడు. తన చెల్లెలి సంగతి వచ్చినప్పుడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నిలబడి విన్నాడు. అంతా అయ్యాక, ఐదో పాట చివరిదాకా విన్నావా అని ఒక్కటే అడిగాడు. విన్నానంది ఆమె, కాగితం మీంచి తల ఎత్తకుండా. ఆయన మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. ‘ఆ తెలివైన పని అన్నావే, ఆ వాక్యం బాగుంది. ఉంచు. పంపెయ్’ అన్నాడు.

ఇదీ ఇప్పటివరకూ జరిగింది. ఇప్పుడు తలుపు తీద్దాం.

ఆడపడుచు చెప్పులు విప్పి లోపలికొచ్చింది గానీ కూర్చోలేదు. వెనకే అత్తగారు. ఆవిడ అసలే మాటల మనిషి కాదు. కోడలు కుర్చీ చూపిస్తే కూర్చుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, ఆ గదిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. భర్త వంటింట్లోంచి తొంగిచూసి, టీ పెడుతున్నానని చెప్పి లోపలికి తప్పుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం. కింద వీధిలో ఎవరో కారు కడుగుతున్న నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఆడపడుచు పత్రిక మడత విప్పి, నిలబడే చదవడం మొదలుపెట్టింది. తన గురించి రాసింది మాత్రమే కాదు, మొదటినుంచీ చదివింది. స్టేజీ మీద మైకు పట్టుకున్న మనిషి కదా, ఏ మాట దగ్గర ఆగాలో, ఏ మాట దగ్గర నవ్వు రావాలో ఆమెకు తెలుసు. ఒక్కచోట కూడా తడబడలేదు. వింటున్నకొద్దీ చేదు మేడం వీపు నిటారుగా అయింది. తన మాటలు ఇంకొకరి నోట్లోంచి తన ఇంట్లోనే వినడం ఆమెకు ఇదే మొదటిసారి. రాసినప్పుడు చమత్కారం అనుకున్నవి, ఇప్పుడు ఒక్కొక్కటీ ఎవరి మొహం మీదో విసిరినట్టు వినిపించాయి.

చదవడం అయ్యాక ఆడపడుచు పత్రికను బల్ల మీద పెట్టి, నెమ్మదిగా లెక్క అప్పజెప్పింది. శుక్రవారం కచేరీకి హాలు ఇస్తామన్నవాళ్లు వెనక్కి తగ్గారు. తనతో ఇన్నేళ్లుగా వాయిస్తున్న వయొలిన్ ఆయన, ఒంట్లో బాగాలేదని కబురు పెట్టాడు. నిన్న ఎవరింట్లోనో వేడుకలో పాడుతుంటే, వెనక వరసలో ఎవడో ‘సొంతదారు దిగలేదు’ అని అరిచాడు, అందరూ నవ్వారు.

“నేను గొప్పగా పాడానని నువ్వు రాయాలని అడగడం లేదు వదినా,” అంది. “నా గొంతు అద్దె ఇల్లే. ఆ అద్దెతోనే అమ్మ మందులూ నా బతుకూ గడిచాయి. అది నీకు ఎగతాళి అయింది. ఎందుకు?”

చేదు మేడం దగ్గర ఇలాంటి సందర్భాలకు సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది. దాన్నే చెప్పింది. పాట బయటికి వచ్చాక అది వినేవాళ్ల సొత్తు, పాడినవాళ్లు చుట్టాలా కాదా అని చూస్తే ఈ పని చెయ్యలేనని, రేపు నువ్వే ఇంకో మంచి పాట పాడితే అంతకు రెట్టింపు మెచ్చుకుంటూ రాస్తానని. చెబుతున్నప్పుడే అది అరిగిపోయిన రికార్డులా తనకే వినిపించింది. అయినా ఆపలేదు. నిజం రాశాను, అంతే, అంది చివరికి.

“నిజమా,” అంది ఆడపడుచు. “సరే. నా సంగతి వదిలెయ్. ఆ ఐదో పాట చేసినవాడి సంగతేంటి? పేరు దాచుకోవడమే తెలివైన పనా? ఆ తెలివైనవాడు ఎవరో తెలుసుకోవాలని ఉందా నీకు?”

వంటింట్లో చెంచా చప్పుడు ఆగిపోయింది.

చేదు మేడం ముందు ఆ నిశ్శబ్దాన్నే వింది. పదిహేనేళ్ల కాపురంలో వంటింట్లోంచి వచ్చే ప్రతి చప్పుడూ ఆమెకు తెలుసు. పాలు పొంగినప్పటి హడావుడీ తెలుసు, కప్పు చెయ్యి జారినప్పటి మూలుగూ తెలుసు. ఈ ఆగడం మాత్రం తెలియదు. ఆడపడుచు ఇంకా ఏదో అనబోతుంటే, గుమ్మంలోంచి ఆయన గొంతు వినిపించింది. ‘నువ్వు చెప్పనని మాటిచ్చావు’ అన్నాడు చెల్లెలితో. కోపంగా కూడా కాదు.

“ఇచ్చాను. ఆవిడ నిజం నిజం అంటుంటే నాలుక ఆగలేదన్నయ్యా.”

మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడం అని సామెత ఉంది. చేదు మేడం ఆ పని పత్రికలో అచ్చేసి మరీ చేసింది. ఆమె సోఫా చేతి మీద కూర్చుండిపోయింది. ఆయన పాటలు కడతాడని ఆమెకు తెలియదు. ఏదో కూనిరాగం తీస్తాడు, అదే తెలుసు. ఆడపడుచు విడమరిచి చెప్పింది. ఆసుపత్రిలో మధ్యాహ్నం రోగులు లేని వేళ, ఆ చప్పుడు లేని గదిలో తలుపేసుకుని, ఫోనులోకి పాడుకుంటూ ఆయన బాణీలు కడతాడట. ఎన్నో ఏళ్లుగానట. బయటికి వచ్చింది ఈ ఒక్కటే. అదీ చెల్లెలు పట్టుబడితేనే.

అత్తగారికి కూడా ఈ సంగతి కొత్తే. ఆవిడ కొడుకు వైపు చూసింది, కూతురి వైపు చూసింది. నాకెవరూ చెప్పలేదేం అని మాత్రం అడగలేదు. వాళ్లిద్దరూ చిన్నప్పటినుంచీ తల్లికి చెప్పకుండా చేసిన పనులు చాలానే ఉండి ఉంటాయి.

భర్త మొహం చూడటానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి విన్న మనిషి గుర్తొచ్చాడు. ఆ వాక్యం బాగుంది, ఉంచు అన్న మనిషి.

“నాకెందుకు చెప్పలేదు?” అని అడిగింది.

“చెబితే మెత్తగా రాస్తావు. నీ మెత్తని మాట నాకెందుకు?” అన్నాడు ఆయన. “నువ్వు ఎవరికీ భయపడవని నాకు గొప్ప. ఎవరిదో తెలియకుండా వింటే ఏమంటావో చూద్దామనుకున్నాను.”

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. తను పట్టుబడినప్పుడు మనిషికి వచ్చే కోపం అది. అంటే నన్ను పరీక్ష పెట్టారన్నమాట అంది. అన్నాచెల్లెళ్లు కలిసి నా బల్ల మీదికి ఒక ఉచ్చు పంపారన్నమాట అంది. పేరు లేకుండా పంపిన పాటని పేరు లేని పాటలాగే చూశాను, అందులో నా తప్పేముందని గొంతు పెంచింది. ఆడపడుచు కూడా గొంతు పెంచింది. నీ మొగుడని తెలిస్తే ఆ మాట రాసేదానివా అని ఒకరు, తెలిసినా రాసేదాన్నే అని ఒకరు. కింద కారు కడుగుతున్న మనిషి నీళ్లు కట్టేసి పైకి చూసి ఉంటాడు.

అప్పుడు అత్తగారు చేతిసంచీ ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ ఏదైనా మాట్లాడబోయే ముందు చేతిలో ఉన్నదేదో పక్కన పెడుతుంది. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. ఇద్దరూ ఆగారు.

“నేను ఆ పాట వినలేదు,” అంది ఆవిడ. “పెట్టండి. మీరంతా దేనిమీద కొట్టుకుంటున్నారో నాకూ తెలియాలి కదా.”

ఎవరూ కాదనలేకపోయారు. ఆడపడుచు తన ఫోన్‌ని అల్మారా పక్కనున్న స్పీకర్‌కి కలిపి, ఐదో పాట పెట్టి, గోడకి ఆనుకుని నిలబడింది.

పాట మొదలైంది. గిటార్ మీద నాలుగు స్వరాలు, ఆ వెనక కీబోర్డు, ఆ తర్వాత గొంతు. చేదు మేడంకి ప్రాణం కాస్త కుదుటపడింది. తను రాసింది అబద్ధం కాదు. పల్లవి నిజంగానే చప్పగా ఉంది. ఎక్కడో విన్నట్టుంది, పది చోట్ల విన్నట్టుంది. మొదటి చరణం ఆ పల్లవికి తోబుట్టువులా ఉంది. ఇదే మాట నేను రాసింది అని చెప్పడానికి ఆమె మాటలు కూడగట్టుకుంటోంది.

రెండో చరణం వచ్చింది.

అక్కడ వాద్యాలన్నీ ఒక్కసారిగా తప్పుకున్నాయి. గొంతు ఒంటరిగా మిగిలింది. అంతదాకా పైపైన తిరిగిన బాణీ ఉన్నట్టుండి కిందికి దిగింది. ఎవరూ లేని ఇంట్లోకి వెళ్లి, ఒక్కో గది తలుపూ తోసి చూస్తున్నట్టు, స్వరం వెనక స్వరం ఆగి ఆగి నడిచింది. ఆడపడుచు గొంతు అక్కడ ఎవరి గొంతులానూ లేదు. ఒకచోట ఊపిరి చాలక వణికింది, ఆ వణుకుని దిద్దకుండా అలాగే వదిలేశారు. చేదు మేడం కూడగట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ఈ చరణం చివరికి పల్లవిలోకే తిరిగి వెళ్లింది. ఇందాక చప్పగా ఉన్న ఆ పల్లవే ఇప్పుడు వేరేగా వినిపించింది. ఇందాకటి చప్పదనం కావాలని పెట్టిందా అని అనుమానం కలిగేలా వినిపించింది.

అత్తగారు కళ్లు దించుకుని వింటోంది. ఆడపడుచు కిటికీలోంచి బయటికి చూస్తోంది. భర్త కూడా స్పీకర్ వైపు చూడటం లేదు. ఆయన భార్య మొహం చూస్తున్నాడు. రోజంతా అద్దం ఇవతల కూర్చుని, అవతలి మనిషికి శబ్దం అందిందా లేదా అని మొహాలు చూసి పోల్చుకునే మనిషి ఆయన. వేలు ఎత్తకపోయినా తెలిసిపోతుంది ఆయనకి.

పాట అయిపోయింది.

“నువ్వు దీన్ని ఇప్పుడే వింటున్నావు,” అన్నాడు.

ఆమె ఇంకా స్పీకర్ వైపే చూస్తోంది.

“ఆ రెండో చరణం గురించి నీ రాతలో ఒక్క ముక్క లేదు. మంచో చెడో ఉండాలి కదా. చివరిదాకా విన్నావా అని నిన్ను ఆ రోజే అడిగాను. విన్నానన్నావు.”

జరిగింది ఇదీ. పేజీ పంపాల్సిన రోజు అచ్చుకి ఆలస్యమవుతోందని అవతల తొందరపెడుతున్నారు. ఆడపడుచు ఆల్బమ్‌లో మొదటి నాలుగు పాటలూ ఆమె శ్రద్ధగానే వింది. ఐదోది పల్లవి, మొదటి చరణం విని, ఇదీ ఆ తానులో ముక్కే అని చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. మిగతా సగం ఆమె వినలేదు. అప్పటికే ఆ తెలివైన పని అన్న వాక్యం నోటికొచ్చింది, దాని రుచి తగిలింది, ఇక పాటతో పనిలేకపోయింది. ఇదంతా ఇప్పుడు చెప్పింది. అరవకుండా, ఏడవకుండా, నేల చూపులు చూస్తూ చెప్పింది. పల్లవి మాత్రం నిజంగానే నచ్చలేదు అని కూడా చేర్చింది. ఆ ఒక్క ముక్క చేర్చకుండా ఉండలేకపోయింది.

“తెలిసే మరి, పంపెయ్యమని ఎందుకన్నారు?” అని భర్తని అడిగింది.

“నీ అంతట నువ్వే చెబుతావేమోనని. పొద్దున్న చెబుతావనుకున్నాను. పత్రిక వచ్చాక చెబుతావనుకున్నాను.” ఆయన ఆగాడు. “పాట బాగాలేదంటే నేను మానేసేవాణ్ణి, అందులో బాధేం లేదు. వినకుండా అన్నావు చూడు.”

ఆయన ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. అత్తగారు లేచి, కోడలి పక్కకి వచ్చింది. ఓదారుస్తుందేమో అనిపించింది ఒక్క క్షణం. ఆవిడ బల్ల మీదున్న పత్రిక తీసి, ఆ పేజీ పైభాగాన పెద్ద అక్షరాల్లో ఉన్న ‘విన్నాక’ అన్న పేరు మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా కోడలికి చూపించి, మళ్లీ కుర్చీలోకి వెళ్లిపోయింది. ఎవరైనా చెంప మీద కొట్టినా ఇంతకన్నా నయంగా ఉండేది.

ఆడపడుచు ఈలోగా ఫోన్ స్పీకర్ నుంచి విడదీసింది. ఎవరికి చేస్తున్నావని అన్న అడిగాడు. ఆమె పత్రికలో అచ్చయిన సంపాదకుడి నంబరు చూస్తూ నొక్కింది. అన్న ఒక అడుగు ముందుకేసి, వద్దమ్మా, ఇంటి గొడవ ఇంట్లోనే ఉండనీ అన్నాడు. ఇంటి గొడవని ఇల్లు దాటించింది నేను కాదు అంది చెల్లెలు.

ఫోన్ స్పీకర్ ఆన్ చేసింది. అవతల సంపాదకుడు ఎత్తాడు. ఫోన్‌లోంచి ఆయన గొంతు గదిలో అందరికీ వినిపించింది. ఆడపడుచు తను ఎవరో చెప్పింది, ఎక్కడున్నదో చెప్పింది. తన ఆల్బమ్‌లో ఐదో పాటని మీ విమర్శకురాలు సగమే విని రాశారని, ఆ సంగతి ఇప్పుడే నలుగురి ముందూ ఆవిడే ఒప్పుకున్నారని, ఇది నేను అనుకుంటున్నది కాదని చెప్పింది. అనవసరమైన మాట ఒక్కటి కలపలేదు. 

“ఆవిడ అక్కడే ఉన్నారా?” అన్నాడు సంపాదకుడు. “ఫోన్ ఇవ్వండి.”

ఆడపడుచు ఫోన్ చాచింది. చేదు మేడం తీసుకుంది. స్పీకర్ కట్టెయ్యాలన్న ఆలోచన ఆమెకు రాలేదు, వచ్చినా ఎలా కట్టాలో తెలియదు, ఆ ఫోన్ ఆమెకు కొత్త.

సంపాదకుడు కోప్పడలేదు. ఆయన కోప్పడితే భరించడం ఆమెకు అలవాటే. ఈసారి గొంతు తగ్గించి, ఆచితూచి మాట్లాడాడు. ఆమె చేతికి ఈ పేజీ ఇచ్చి ఎన్నేళ్లయిందో తనకి గుర్తుందన్నాడు. ఆ పేజీ చదివి ఎన్ని బృందాలు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యాయో కూడా గుర్తుందన్నాడు. వాళ్లలో ఎవరు వచ్చి మొరపెట్టుకున్నా, మా విమర్శకురాలు విన్నాకే రాస్తుంది, మీ మాట నమ్మను అని గుమ్మంలోంచే పంపేశానన్నాడు.

“ఒక్కటే అడుగుతాను,” అన్నాడు. “ఆలోచించుకుని చెప్పండి. వచ్చే సంచిక మొదటి పేజీలో నేనేం రాయాలన్నది మీ జవాబు మీద ఉంటుంది. వినకుండా రాసింది ఈ ఒక్క పాటేనా?”

గదిలో ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. కాదు, ఇద్దరే. భర్త ఈసారి చూపు తిప్పుకున్నాడు. ఆ జవాబు ఆయనకు కూడా తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఆమె ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

“సార్,” అంది, “ఇంకా...”